అచ్చియ్యమ్మగారి అనర్హత

ముసలివాళ్ళ సంగతి ప్రభుత్వానికి గుర్తొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరికి పని పెరుగుతుంది. ఈసారి పెరిగిన పని పెదవీరంపాలెంలో రిటైర్డు డ్రిల్లు మాస్టారు సోమరాజుగారి నెత్తిన పడింది.

అంతవరకూ ప్రభుత్వ ఆరోగ్య కార్డు కోతలకూ కుట్లకూ మాత్రమే పనికొచ్చేది. కాలు విరిగిందంటే ఆసుపత్రిలో చేర్చుకుని, ఉక్కు కడ్డీ వేసి, మర్యాదగా ఇంటికి పంపేవారు. ఇంటికొచ్చాక ఆ మనిషిని మంచం మీంచి ఎవరు లేపాలి, ఎవరు నీళ్ళు పోయాలి అన్నది వైద్యం కాదు గనక కార్డుకు దానితో సంబంధం లేదు. ఉంటే గింటే జిల్లా కేంద్రంలో దీర్ఘకాలిక వార్డు ఉంది. అక్కడ చేరితే మంచం, తిండి, ఆయా, అన్నీ కార్డు మీదే. ఇంట్లో ఉంటే గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఎవరూ అందివ్వరు.

ఇది బాగాలేదని పైవాళ్ళకు ఎవరో చెప్పారు. వెంటనే వయోరక్ష అనే పథకం పుట్టింది. తమంతట తాము లేవలేని, నడవలేని, స్నానం చెయ్యలేని, బట్ట కట్టుకోలేని, తినలేని పెద్దవాళ్ళకు ఇకమీదట ఇంటికే ఆయా వస్తుంది. మంచి మాటే. అయితే ఎవరు నిజంగా లేవలేక పడుకున్నారో, ఎవరు ప్రభుత్వాన్ని మోసం చెయ్యడానికి పడుకున్నారో తేలాలి కదా. అందుకని జిల్లాకో అర్హతా నిర్ధారణ సంఘాన్ని వేశారు. ఆ సంఘానికి జీపు ఇచ్చారు. జీపుకి డ్రైవర్ని ఇచ్చారు. ఆ తర్వాత ఆయాలకు ఇవ్వడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

సోమరాజుగారి అక్క అచ్చియ్యమ్మగారు ఎనభై దాటిన మనిషి. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఆవిడ భర్త పోయాక, ఈయన భార్యా పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో అక్కాతమ్ముడే మిగిలారు. ఆవిడకు జీవితంలో ఒకటే వ్యసనం, మర్యాద. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి ఏదో ఒకటి తినకుండా వెళ్ళాడంటే ఆ పూట ఆవిడకు ముద్ద దిగదు. కరెంటు బిల్లు తీసేవాడు కూడా ఆ ఇంటికి ఆకలి చూసుకునే వచ్చేవాడు.

అలాంటి మనిషి నూతి గట్టు దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కార్డు మీద కడ్డీ వేశారు. ఇంటికొచ్చిన మొదటి వారంలోనే, అక్కను మంచం మీంచి లేపబోయి సోమరాజుగారి నడుం పట్టేసింది. ఉద్యోగం చేసినంతకాలం ఊళ్ళో పిల్లలందరి చేతా గుంజీలు తీయించిన మనిషి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. చెంబుడు నీళ్ళకు మించి బరువెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పుడు వయోరక్ష కింద తాత్కాలికంగా నూకరత్నం వచ్చింది. గట్టి మనిషి, నవ్వు మొహం. అచ్చియ్యమ్మగారిని పసిపిల్లను లేపినట్టు లేపి, నీళ్ళు పోసి, జడ కూడా వేసేది. ఆ ఇంటికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

ఇంతలో సంఘంవారు పరిశీలనకు వస్తున్నారని కబురు వచ్చింది.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను. వాళ్ళొచ్చినప్పుడు లేవకు," అన్నాడు సోమరాజుగారు.

"ఇంటికొచ్చినోళ్ళని నిలబెట్టి నేను పడుకోడవేంట్రా? ఊళ్ళో వింటే ఏవనుకుంటారు?"

"లేచావంటే రత్నాన్ని తీసేస్తారు. నిన్ను వార్డుకి పంపెయ్యాల్సొస్తుంది."

వార్డు మాట వినేసరికి ఆవిడ మొహం చిన్నబోయింది. "అక్కడ అందరికీ వాళ్ళే పెడతారంటగా. నేనెవరికి పెట్టను?" అంది. ఆపైన లేవనని తమ్ముడి నెత్తిన చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది.

సంఘం జీపు దిగింది. సంఘానికి అధ్యక్షుడు నీలాచలంగారు. సఫారీ సూటు, మెళ్ళో గుర్తింపు కార్డు, నోట్లో నిబంధనలు. సభ్యురాలు హిమజ అనే ఫిజియోథెరపీ డాక్టరమ్మ. చదువు పూర్తయి ఆట్టే కాలం కాలేదు గనక ఆ అమ్మాయి ఇంకా మామూలు మనుషుల్లాగే మాట్లాడుతోంది.

"సదరు లబ్ధిదారు వీరేనా?" అన్నారు నీలాచలంగారు మంచంకేసి చూసి.

"రండి బాబూ, కూచోండి. ఎండనపడి వచ్చారు. కాస్త కాఫీ..." అంది అచ్చియ్యమ్మగారు పడుకునే.

నీలాచలంగారు చెయ్యెత్తి వారించారు. "క్షమించాలి. పారదర్శకత దృష్ట్యా లబ్ధిదారుల గృహాలలో ఎటువంటి ఆహార పానీయాలూ స్వీకరించరాదని మాకు స్పష్టమైన ఆదేశాలున్నాయి. మాకేమీ వద్దు."

ఆ ఇంట్లో అనకూడని మాట అదొక్కటే.

"ఏవీ వద్దా?" అంది ఆవిడ. "మా ఇంటికొచ్చి మంచినీళ్ళు కూడా వద్దా?" ఒట్టు ఏమైందో, నొప్పి ఏమైందో, మంచం పట్టె పట్టుకుని లేచింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, వంటింటి గుమ్మం పట్టుకుని, "రత్నం, పొయ్యి మీద పెనం పెట్టవే. పెసరట్లు," అంది. ఆపైన అక్కడే చతికిలబడింది.

నూకరత్నం పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. కానీ నీలాచలంగారు అప్పటికే వాచీ చూసుకుని, "పరిశీలన ముగిసింది. ఇకమీద జరిగేది మా పరిధిలోకి రాదు," అని జీపెక్కేశారు. ఆ నాలుగడుగుల పుణ్యమా అని ఆవిడ రెండ్రోజులు మూలుగుతూనే ఉంది. మూడోరోజు ఉత్తర్వు వచ్చింది. లబ్ధిదారు స్వయంగా లేచి, నడిచి, అతిథి సత్కారానికి ఉద్యుక్తురాలైనందున ఆమె అనర్హురాలని దాని సారాంశం. నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పక్కింటివాళ్ళు పొద్దుటా సాయంత్రం వచ్చి లేపడానికి ఒప్పుకున్నారు. మధ్యలో మాత్రం అక్కాతమ్ముడే. ఒక మధ్యాహ్నం సోమరాజుగారు గ్లాసుతో నీళ్ళు తెచ్చిస్తే ఆవిడ వద్దంది. మర్నాడూ వద్దంది. దాహం లేక కాదు. తాగితే మళ్ళీ లేవాలి, లేపేవాళ్ళు లేరు, అందుకని. ఆ సంగతి అర్థమయ్యాక ఆయన ఇక ఇంట్లో కూర్చోలేకపోయాడు. గ్లాసు అక్కడే పెట్టి, చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు.

"అప్పీలు చేసుకోవచ్చు," అన్నారు నీలాచలంగారు ఆఫీసులో. ఆయన నిజానికి చెడ్డవాడు కాదు, నిబంధనలు నమ్మినవాడు. "అప్పీలు అందిన మరుసటి ఉదయమే పునఃపరిశీలన జరుపుతాం."

"మరుసటి ఉదయమేనా? ఆయా కోసం అందరూ నెలల తరబడి చూస్తున్నారటగదండి?"

"సేవలకు నిధులు లేవు. పరిశీలనకు నిధుల కొరత లేదు."

"అదేంటండి?"

నీలాచలంగారు కుర్చీలో వెనక్కి వాలి, అర్థంకాని పిల్లవాడికి లెక్క చెప్పినట్టు చెప్పారు. "మాస్టారూ, సేవ కింద పెట్టేది ఖర్చు. పరిశీలన కింద పెట్టేది ఆదా. ఆదా ఎంత చేసినా ప్రభుత్వం కాదనదు."

మర్నాడు పొద్దున్నే జీపు వచ్చింది. ఈసారి పరిశీలన సమగ్రం. అయిదు పనులూ ఒక్కొక్కటిగా పరీక్షించి తేల్చాలి. పైగా పరీక్షలో లబ్ధిదారుకు దెబ్బ తగిలితే బాధ్యత సంఘానిదేనని నిబంధన.

మొదటిది లేవడం. లేవగలదో లేదో తెలియాలంటే లేపి చూడాలి. ఒక పక్క హిమజ, ఇంకో పక్క నీలాచలంగారు పట్టుకున్నారు. రెండోది నడక. పడకుండా ఇద్దరూ చెరో జబ్బా పట్టుకుని వరండా చివరిదాకా తీసుకెళ్ళి తీసుకొచ్చారు. మధ్యలో ఆవిడ దొడ్డికి వెళ్ళాలంటే, అదీ నడకలో భాగమేనని తీర్మానించి హిమజ తీసుకెళ్ళింది. స్నానపు పరీక్షకు వేడినీళ్ళు తోడారు. ఆవిడ చెయ్యి వీపుదాకా పోవడం లేదని రుజువు కావడానికి హిమజ వీపు రుద్దాల్సి వచ్చింది. ఉతికిన చీర కట్టబెట్టారు. చివర్న అన్నం కలిపి పెడితే చెయ్యి వణికి ముద్ద జారింది. "జారినట్టు నమోదు చేసుకోండి," అన్నారు నీలాచలంగారు. పరీక్ష అర్ధంతరంగా ఆపకూడదు గనక హిమజ మిగతా అన్నం తినిపించింది.

సోమరాజుగారు స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. అక్క స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, కడుపునిండా తిని, చెంబుడు నీళ్ళు తాగి కూర్చుంది. నూకరత్నం ఉన్నప్పుడు జరిగిన పనుల్లో జడ తప్ప అన్నీ జరిగిపోయాయి. ఆయన మనసులో ఏదో వెలిగింది.

"ఈ రోజు అర్హత ఖాయంలా ఉంది," అన్నారు నీలాచలంగారు లేస్తూ. "మంజూరైతే మీ పేరు నిరీక్షణ జాబితాలో చేరుతుంది. నిధులు రాగానే ఆయా వస్తుంది."

"వచ్చేదాకానండి?"

"వచ్చేదాకా నిరీక్షణే."

"పోనీ అప్పుడు అప్పీలు చేసుకుంటే మళ్ళీ మీరొస్తారాండి?"

"అర్హత వచ్చినవాళ్ళకు అప్పీలెందుకు? అప్పీలు అనర్హులకు మాత్రమే."

అంటే అర్హత వచ్చిందంటే ఇటు ఆయా రాదు, అటు సంఘమూ రాదు. సరిగ్గా అప్పుడే హిమజ, "వెళ్ళొస్తాం మామ్మగారూ," అంది. ఆడపిల్ల వెళ్ళొస్తానంటే బొట్టు పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో పుట్టి బుద్ధెరిగి జరగలేదు. అచ్చియ్యమ్మగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి, గూట్లో కుంకుమ భరిణె అందుకుని, గుమ్మందాకా వచ్చి బొట్టు పెట్టేసింది. నీలాచలంగారు నిట్టూర్చి, కలం తీశారు. అనర్హురాలు.

సోమరాజుగారు సంతోషం పట్టలేక ఆయన చేతులు పట్టుకుని ఊపేశాడు. జీపు వీధి మలుపు తిరక్కముందే అప్పీలు రాసేశాడు.

అది మొదలు. రోజూ పొద్దున్నే జీపు రావడం, లేపడం, నడిపించడం, నీళ్ళు పొయ్యడం, తినిపించడం, బొట్టు, అనర్హత, అప్పీలు. పదిరోజులు గడిచేసరికి హిమజ నడుం పట్టుకు కూర్చుంది. క్షేత్రస్థాయిలో బరువులెత్తడానికి అనుభవంగల మనిషి కావాలని నీలాచలంగారు పైకి రాశారు. పరిశీలనకు అడిగితే లేదనరు కదా. క్షేత్ర పరిశీలనా సహాయకురాలు అనే కొత్త ఉద్యోగం సృష్టించి, అనుభవంగల ఒకావిడను వేశారు. మర్నాడు జీపులోంచి నీలంరంగు కోటు, మెళ్ళో కార్డుతో నూకరత్నం దిగింది.

"అమ్మగారూ, మిమ్మల్ని పరిశీలించడానికొచ్చానండి," అని పకపకా నవ్వింది. ఆ రోజు జడ కూడా పరిశీలించింది.

ఊరంటే ఊరే. వారం తిరిగేసరికి పెదవీరంపాలెంలో అందరికీ కిటుకు తెలిసిపోయింది. మంచాన పడ్డ ప్రతివాడూ ఒకసారి అనర్హుడనిపించుకోవడానికి తంటాలు పడ్డాడు. పక్షవాతం వచ్చిన కోటయ్య, అధికారుల ఎదుట ఒంటిచేత్తో చుట్ట ముట్టించి గెలిచాడు. మాట పడిపోయిన పాత కరణంగారు, తన ఇంటిపేరు తప్పుగా పలికిన నీలాచలంగారి మీదకు కర్ర ఎత్తి అనర్హత సంపాదించారు. ఎవరింట్లో తిరస్కారం వస్తే వాళ్ళు వీధంతా తీపి గోరుమీటీలు పంచారు. జీపులు నాలుగయ్యాయి. పరిశీలనల్లో మన జిల్లా రాష్ట్రానికే మొదటిదని నీలాచలంగారికి శాలువా కప్పారు.

అయితే సుఖంలో ఒక చిక్కు వచ్చిపడింది. రోజూ వచ్చేవాళ్ళు చుట్టాలెలా అవుతారు? నీలాచలంగారు అచ్చియ్యమ్మగారికి క్రమంగా ఇంటి మనిషైపోయారు. పారదర్శకత అన్నది పెసరట్టు ముందు ఎన్నాళ్ళు నిలుస్తుంది! ఆవిడ ఇప్పుడు మంచం మీంచి కదలకుండా, "నీలాచలం, ఆ డబ్బాలో జంతికలున్నాయి, తీసుకో నాయనా. హిమజా, వెళ్ళేప్పుడు కుంకుమ నువ్వే పెట్టుకో తల్లీ," అనడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళ కోసం ఎవరైనా లేస్తారా?

"మాస్టారూ, అమ్మగారు ఈమధ్య బొత్తిగా లేవడం లేదు," అన్నారు నీలాచలంగారు ఒకరోజు జంతిక కొరుకుతూ, నిజంగా దిగులుపడి. "నేను అబద్ధం రాయలేను. ఇలాగే ఉంటే అర్హురాలైపోతారు."

సోమరాజుగారు ఏం చెయ్యాలో తోచక, పెరుగమ్ముకునే మనిషిని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. ఆ పూటకు ఆవిడ లేచింది, అనర్హత దక్కింది. మర్నాడు సోడాలబండి వాణ్ణి, ఆ మర్నాడు కేబుల్ టీవీ వాణ్ణి పిలిచాడు. లేవడం మాత్రం రోజురోజుకీ తగ్గుతోంది. అది మర్యాద తగ్గడం కాదని ఆయనకు లోలోపల తెలుసు. తెలియనట్టే తిరిగాడు.

అలాంటి సమయంలో రాజధానినుంచి కమిషనర్ గారు స్వయంగా వస్తున్నారని తెలిసింది. ఇన్ని పరిశీలనలు జరిగినా కొత్తగా ఒక్క అర్హుడూ తేలని ఈ జిల్లాలో మచ్చుకు ఒక కేసు తానే తేల్చేస్తానన్నారట. ఆ మచ్చు అచ్చియ్యమ్మగారే.

"అక్కా, ఒకే ఒక్కసారి," అన్నాడు సోమరాజుగారు. ఎన్నడో లేవొద్దని దణ్ణం పెట్టిన మంచం పక్కనే నిలబడి ఇప్పుడు లెమ్మని దణ్ణం పెట్టాడు. "కొత్త మనిషి. పెద్ద ఆఫీసరు. ఆయన రాగానే లే. చాలు."

"లేస్తాన్రా. కొత్తోడొస్తే లేవనా?"

కమిషనర్ గారు వచ్చారు. యాభై దాటిన పొడుగాటి మనిషి, అలిసిపోయిన కళ్ళు. వెనక పెద్ద పరివారం. "మీరే అచ్చియ్యమ్మగారా?" అంటూ కుర్చీ లాక్కున్నారు.

అచ్చియ్యమ్మగారు మంచం పట్టె పట్టుకుంది. భుజాలు లేచాయి. నడుం లేవలేదు. మళ్ళీ పట్టుకుంది. నీలాచలంగారు తనకు తెలియకుండానే ఒకడుగు ముందుకేసి, కమిషనర్ గారు చూస్తున్నారని గుర్తొచ్చి ఆగిపోయారు. ఆవిడ తమ్ముడికేసి చూసింది.

"కాళ్ళు నా మాట వినడం లేదురా," అంది చిన్నగా.

సోమరాజుగారికి వార్డు గుర్తొచ్చింది, తాగకుండా వదిలేసిన నీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. అంతకన్నా, చంకనేసుకుని తనను మోసిన మనిషి ఇక లేవలేదన్న సంగతి ఇన్నాళ్ళకు సూటిగా వచ్చి తగిలింది. తలొంచుకుని, "పోన్లే అక్కా, పడుకో," అన్నాడు.

"లబ్ధిదారు చలనం శూన్యం," అన్నారు కమిషనర్ గారు గుమస్తాకు. తర్వాత కాస్త మెత్తగా, "శ్రమపడకండమ్మా. నాకేమీ వద్దు," అన్నారు.

అచ్చియ్యమ్మగారి కళ్ళు పెద్దవయ్యాయి.

"వద్దా? ఎవరు చెప్పారు వద్దని? రత్నం! పెనం పెట్టు, పెసరట్టులోకి అల్లం దండిగా వెయ్యి. నీలాచలం, చూస్తావేంటలా, అరిటాకులు కోసుకురా. హిమజా, నువ్వు కాఫీ గింజలు మర పట్టు తల్లీ, పొడి తాజాగా ఉండాలి. తమ్ముడూ, బాబుకి కాళ్ళకి నీళ్ళియ్యి. ఆ జీపుల్లో ఉన్నోళ్ళెంతమంది? అందర్నీ రమ్మను. ఇదిగో బాబూ, నువ్వు, ఆ రాసుకునే బాబు, ముందా కాయితాలు పక్కనెట్టి చాపలెయ్యి."

గుమస్తా కాగితాలు పక్కన పెట్టి చాపలు వేశాడు. సఫారీ సూటుతో నీలాచలంగారు పెరట్లోకి పరుగెత్తారు. పెసరట్లు వచ్చాయి, ఉప్మా వచ్చింది, అల్లప్పచ్చడి వచ్చింది. ఆవిడ పడుకున్న చోటునుంచే ఎవరి ఆకులో ఏం తగ్గిందో చూసి కేకేస్తోంది. ఆవిడ మాటకు ఎదురాడినవాడు లేడు.

"మీ అమ్మగారున్నారా బాబూ?" అని కూడా అడిగింది మధ్యలో.

"ఉందండి," అన్నారు కమిషనర్ గారు. ఆ తర్వాత ఇంకో అట్టు వేయించుకున్నారు.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన గంభీరంగా గొంతు సవరించుకున్నారు. "రాసుకోండి. లబ్ధిదారు స్వస్థానం వీడకుండానే నలుగురు ప్రభుత్వ సిబ్బందిని, ఇద్దరు డ్రైవర్లను, ఒక రిటైర్డు ఉపాధ్యాయుణ్ణి ఏకకాలంలో సమర్థంగా నిర్వహించగలిగినారు. ఇట్టి పరిపాలనా సామర్థ్యం మా ప్రధాన కార్యాలయంలో సైతం లేదు. సదరు వ్యక్తి నిస్సహాయురాలన్న వాదన నిలవదు. అనర్హురాలు."

నూకరత్నం గరిటె పట్టుకునే ఎగిరి గంతేసింది. నీలాచలంగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఏవైందిరా?" అంది అచ్చియ్యమ్మగారు.

"తిరస్కరించేశారక్కా!" అన్నాడు సోమరాజుగారు. నవ్వబోతే ఏడుపొచ్చింది.

"అమ్మయ్య. బాబు కడుపునిండా తిన్నాడా?"

సాగనంపడానికి సోమరాజుగారు వీధి గుమ్మందాకా వెళ్ళాడు. పరివారమంతా జీపుల్లో ఎక్కింది. కమిషనర్ గారు మాత్రం ఎక్కకుండా నిలబడి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మాస్టారూ, మా అమ్మ మా ఊళ్ళోనే, అన్నయ్య దగ్గరుంటుంది. పడిపోయి మంచం పట్టింది. అన్నయ్యకీ వయసైపోయింది. కార్డు ఉంది. నేనే మంజూరు చేశాను, జాబితాలో ఉంది, ఆయా ఇంకా రాలేదు. ఈ పరిశీలన... ఎలా పెట్టించాలండి?"

ఆ పథకానికి పెద్ద ఆయనే. సోమరాజుగారు ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"తొందరపడి మంజూరు చేసేశారండి, అక్కడే వచ్చింది చిక్కు. ముందది రద్దు చేయించండి. మీ అమ్మగారికి దేనికి పౌరుషం వస్తుందో కనుక్కోండి. ఇహ పరిశీలనకి ఎవర్ని పంపినా, గుమ్మంలోనే 'మాకేమీ వద్దు' అనమని గట్టిగా చెప్పి పంపండి. ఆ తర్వాత అంతా ఆవిడే చూసుకుంటారు."